వారానికొకసారి వచ్చే గొంతు

కరీంనగర్ పల్లెల్లోనైనా, కోనసీమ లంకల్లోనైనా ఒక తరం ఇళ్లలో 'దుబాయ్' అనగానే గుర్తొచ్చే వస్తువు ఒకటుంది. అది టూ-ఇన్-వన్. రేడియో, టేప్ రికార్డర్ రెండూ ఒకే పెట్టెలో. రెండేళ్లకోసారి సెలవు మీద ఊరికొచ్చే మనిషి మెత్తటి దుప్పట్ల మధ్య, సెంటు సీసాల సరసన దాన్ని భద్రంగా సర్ది తెచ్చేవాడు. ఆ పెట్టె మీద ఒక చిన్న మీట ఉండేది. ఒకవైపు జరిపితే టేపు, రెండోవైపు జరిపితే రేడియో. టేపు వైపు ఉన్నంతసేపూ వినేవాడిదే రాజ్యం. కావలసిన పాట కావలసినన్నిసార్లు వేసుకోవచ్చు, నచ్చనిదాన్ని ముందుకు తిప్పేయొచ్చు. రేడియో వైపు జరిపాడంటే ఆ అధికారం వదులుకున్నట్టే. ఎవరో ఏరిన పాట, ఎవరో చెప్పే మాట, మధ్యమధ్య గరగర. అయినా క్యాసెట్లు చవగ్గా దొరికే ఎమిరేట్స్‌లోనే ఆ మీటను రేడియో వైపు జరిపి, వారానికోసారి వచ్చే ఒక గొంతు కోసం కాచుకున్న శ్రోతలున్నారు. ఎందుకు కాచుకున్నారన్నది తేల్చుకోవాలి. పాత రేడియో పోయిందని ఇవాళ మనం బాధపడుతున్నామే, ఆ పోయింది ఏమిటో అక్కడే తెలుస్తుంది.

ఆ గొంతు అమీన్ సయానీది. 2024 ఫిబ్రవరి 20న 91 ఏళ్ల వయసులో ముంబైలో ఆయన కన్నుమూసినప్పుడు అందరూ తలచుకున్నది ఆయన నడిపిన హిందీ సినిమా పాటల రేడియో కార్యక్రమం బినాకా గీత్‌మాలానే. అది న్యాయమే. కానీ ఆయన చేసిన కార్యక్రమాల పట్టికలో కాస్త కిందికి వెళ్తే ఇంకో పేరు కనిపిస్తుంది: 'గీత్‌మాలా కీ యాదేఁ', అంటే గీత్‌మాలా జ్ఞాపకాలు. అది వచ్చింది బొంబాయి నుంచీ కాదు, కొలంబో నుంచీ కాదు, రేడియో ఉమ్ అల్ క్వైన్ నుంచి. నాలుగేళ్లు నడిచింది. ఆ ఎమిరేట్స్‌లోనే రేడియో ఏషియాలో 'యే భీ చంగా, వో భీ ఖూబ్' అని మరొకటి ఎనిమిది నెలలు చేశారు. ఏడు ఎమిరేట్లలోనూ జనాభాలో అన్నిటికంటే చిన్నది ఉమ్ అల్ క్వైన్. అక్కడి నుంచి ఒక భారతీయ వ్యాఖ్యాత, తన పాత కార్యక్రమాన్నే తలపోసే కార్యక్రమం నాలుగేళ్లు నడపగలిగాడంటే వినేవాళ్లు ఉన్నారన్నమాట. చేపలు పట్టుకునే ఆ తీరానికి గీత్‌మాలా జ్ఞాపకాలతో పనేమిటి? పని ఉన్నది ఆ తీరానికి కాదు, ఆ ప్రసారం చెవిన పడేంత దూరంలో షార్జాలో, దుబాయ్‌లో, అజ్మాన్‌లో ఇరుకు గదుల్లో ఉంటున్న మనవాళ్లకు.

సయానీ ఎందుకంత పేరు తెచ్చుకున్నాడని అడిగితే అందరూ చెప్పే జవాబొకటుంది. అది కరువు కథ. 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటే గిట్టదు. శాస్త్రీయ సంగీతం వినిపించి జనం అభిరుచిని మార్చాలని ఆయన పట్టుదల. ఆకాశవాణిలో సినిమా పాటలు తగ్గిపోయాయి. శ్రోతలు ముల్లు తిప్పుకుంటూ రేడియో సిలోన్‌కు చేరారు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం కోసం కొలంబోలో పెట్టిన బలమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ల వారసత్వం ఆ స్టేషన్‌కు ఉండటంతో హైదరాబాద్ నుంచి హిమాలయాల దాకా వినపడేది. ఆ అదను చూసుకుని సీబా కంపెనీ తన బినాకా టూత్‌పేస్టు కోసం గీత్‌మాలా అనే పాటల కార్యక్రమం తలపెట్టింది. ఇంగ్లీషు కార్యక్రమాల్లో పేరున్న అన్న హమీద్ సయానీ నీడలో పని నేర్చుకుంటున్న, ఇంకా ఇరవై నిండని అమీన్‌కు ఆ పని దక్కింది. రాయడం, చదవడం, రికార్డు చేయడం, వచ్చిన ఉత్తరాలు సరిచూడటం అన్నీ కలిపి వారానికి 25 రూపాయలు. 1952 డిసెంబర్ 3, బుధవారం రాత్రి మొదటి ప్రసారం. బొంబాయిలో టేపు మీద రికార్డు చేసి విమానంలో కొలంబో పంపితే అక్కడి నుంచి అది గాల్లోకి ఎక్కేది. పాటలు దొరకని కాలంలో పాటలు పెట్టాడు గనక జనం ఎగబడ్డారు. అంతకుమించి ఏముంది అంటారు.

చెప్పినంత వరకూ అది నిజమే. చాలదని నా వాదన. 1957 అక్టోబర్ 3న ఆకాశవాణే వివిధ భారతిని మొదలుపెట్టి సినిమా పాటలకు తలుపులు బార్లా తెరిచింది. కరువు తీరిపోయింది. సొంతగడ్డ మీద పగలూ రాత్రీ పాటలే. మరి గీత్‌మాలా ఆగిపోవాలి కదా? ఆగలేదు. ఇంకో మూడు దశాబ్దాలు సిలోన్ నుంచే సాగి, 1989లో వివిధ భారతికే మారి, 1994 దాకా నడిచింది. అమెరికాలో పాటలకు ఎన్నడూ కరువు లేదు. ఊరూరా స్టేషన్లు. అక్కడా 1970 జులై 4న కేసీ కేసమ్ 'అమెరికన్ టాప్ 40' అని వారాంతపు లెక్కింపు మొదలుపెడితే, వారమంతా వినేసిన పాటలనే శని, ఆదివారాల్లో మళ్లీ వినడానికి జనం కూర్చున్నారు. ఇక ఎమిరేట్స్ సంగతి. క్యాసెట్ల కాలంలో గల్ఫ్ నుంచి వచ్చిన ప్రతివాడి సంచిలోనూ హిందీ పాటల టేపులుండేవి. థామ్సన్ పేరుతో దుబాయ్ నుంచి వచ్చిన క్యాసెట్లు మన ఊళ్లలో హోదాకు గుర్తు. పాటను కొనుక్కోగలిగినవాడు, పాట మోగించే పెట్టె పక్కనే ఉన్నవాడు, రేడియోలో పాత పాటల జ్ఞాపకాలు వింటున్నాడు. కరువు కథ ఇక్కడ పూర్తిగా వీగిపోతుంది. అతనికి కావలసింది పాట కాదు. పాట చుట్టూ ఉన్నదేదో కావాలి.

ఆ చుట్టూ ఉన్నదాంట్లో మొదటిది లెక్క. గీత్‌మాలా తొలి రోజుల్లో ఏడు పాటలు వేసి, ఏది ఎన్నోదో జనాదరణను బట్టి వరస పెట్టి రాయమని శ్రోతలను అడిగేవారు. సరిగ్గా కుదిరినవాళ్లకు వంద రూపాయల బహుమతి. మొదటి ప్రసారానికే 9,000 ఉత్తరాలొచ్చాయి. ఏడాది తిరక్కుండా వారానికి 65,000 అయ్యాయి. వాటిని విప్పి, చదివి, సరిచూడటం మనుషుల వల్ల కాని పని అయిపోవడంతో పద్ధతి మార్చి, పాటలను మెట్టు మెట్టుగా లెక్కించే హిట్ పెరేడ్ చేశారు. అప్పుడు కూడా లెక్క గదిలో కూర్చుని వేసింది కాదు. రికార్డుల షాపుల అమ్మకాలు తెప్పించుకునేవారు. ఊరూరా శ్రోతలు పెట్టుకున్న రేడియో సంఘాల నుంచి వారం వారం జాబితాలు వచ్చేవి. అంటే ఎక్కడో ఒక చిన్న పట్నంలో నలుగురు కుర్రాళ్లు అరుగు మీద కూర్చుని రాసిన కార్డు, వచ్చే బుధవారం దేశమంతా వినే వరసలో కాస్తయినా పనిచేసేది. ఆ కార్డు బరువు తెలిసినవాడికే మరుసటి వారం రేడియో ముందు గుండె కొట్టుకుంటుంది. వివిధ భారతిలో కోరిన పాటల ముందు పేర్లు చదివే ఆచారం కూడా ఇలాంటిదే. పాట మూడు నిమిషాలు, పేర్లు ఒక నిమిషం. ఫలానా ఊరి నుంచి ఫలానా, ఫలానా, మరియు మిత్రబృందం. ఆ పేర్లు వినేవాళ్లకు అనవసరం అనిపించవచ్చు. కానీ ఇప్పుడు జార్ఖండ్‌లో ఉన్న ఝుమ్రీ తలైయా అనే అభ్రకం గనుల ఊరు దేశమంతటికీ తెలిసింది ఆ ఒక్క నిమిషం వల్లే. ఆ ఊరి గనులను ఎవరూ చూడలేదు, పేరు మాత్రం అందరికీ నోటికి వచ్చు.

రెండోది భాష. సయానీ మాట్లాడిన హిందుస్తానీ ఎందుకంత తేటగా ఉండేదో ఆయన ఇంటి సంగతి తెలిస్తే అర్థమవుతుంది. తల్లి కుల్సుమ్ సయానీ వయోజన విద్య కోసం జీవితం ధారపోసిన మనిషి. గాంధీజీ ప్రోద్బలంతో 'రహబర్' అనే పక్షపత్రిక నడిపారు. అప్పుడే అక్షరాలు దిద్దుకున్న పెద్దవాళ్ల కోసం అది దేవనాగరి, ఉర్దూ, గుజరాతీ మూడు లిపుల్లోనూ వచ్చేది. భాష మాత్రం ఒకటే, బజారులో అందరికీ తెలిసే హిందుస్తానీ. కుర్రవాడిగా అమీన్ ఆ పత్రిక పనుల్లో చెయ్యేసినవాడే. కొత్తగా చదవడం నేర్చుకున్న మనిషికి బరువైన మాట ఒకటి అడ్డం వస్తే అక్కడితో పత్రిక మూసేస్తాడు. రేడియో వినేవాడూ అంతే, అర్థం కాకపోతే ముల్లు తిప్పేస్తాడు. తల్లి పత్రికలో నేర్చిన జాగ్రత్తే కొడుకు మైకు ముందు పనికొచ్చింది. 'నంబర్' అనడానికి బదులు ఆయన 'పాయ్‌దాన్' అన్నాడు, అంటే మెట్టు. ఈ వారం ఈ పాట మూడో మెట్టు ఎక్కింది అంటే పల్లెటూరి ముసలమ్మకు కూడా కళ్లకు కట్టినట్టు ఉంటుంది. చాలా వారాలు నిలబడిన పాటకు 'సర్తాజ్ గీత్' అని పేరుపెట్టి, బాకా ఊది, గౌరవంగా పోటీ నుంచి తప్పించేవాడు. పదవీ విరమణ చేసిన పెద్దమనిషికి చేసే సన్మానంలాగే ఉండేది అది.

ఎమిరేట్స్‌లో ఈ భాష విలువ పదింతలు. అక్కడ సైటు మీద మేస్త్రీ మలయాళీ అయితే, పక్కన ఇటుక అందించేవాడు సిరిసిల్లవాడు, క్రేను తోలేవాడు పెషావర్ పఠాను, వంట చేసేది బంగ్లాదేశీ. ఈ నలుగురికీ ఉమ్మడి భాష అరబ్బీ కాదు, ఇంగ్లీషూ కాదు. ఎవరి యాస వాళ్లు కలిపి మాట్లాడుకునే హిందీయే. బడిలో హిందీ సరిగా అబ్బని తెలుగువాడు కూడా ఆరు నెలలు తిరిగేసరికి దాంట్లో బేరమాడతాడు, పోట్లాడతాడు. అలాంటి గదిలో కఠినమైన ఉర్దూ కవిత్వమూ నిలవదు, సంస్కృతం కూరిన ప్రభుత్వ హిందీ వార్తలూ నిలవవు. తల్లి దగ్గర బజారు భాష నేర్చుకున్న సయానీ గొంతు నిలుస్తుంది. ఆయన 1976 నుంచి రేడియో కార్యక్రమాలను విదేశాలకు పంపుతూ వచ్చాడు. బ్రిటన్, కెనడా, ఎమిరేట్స్, స్వాజీలాండ్, మారిషస్, ఫిజీ: మన మనుషులు పనికోసమో బతుకుకోసమో వెళ్లిన చోట్లన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. వలస పోయినవాడి అడుగుజాడల్లోనే ఆ గొంతు వెళ్లింది.

ఇక పిలుపు. 'బెహనో ఔర్ భాయియో' అని మొదలుపెట్టడం సయానీ ముద్ర. సభల్లో అందరూ అన్నదమ్ములారా అని ముందు, అక్కచెల్లెళ్లారా అని తరవాత అంటుంటే ఆయన దాన్ని తిరగేశాడు. ఇది చిన్న మర్యాదగా కనిపిస్తుంది. ఒక్కసారి ఆ పిలుపు ఎక్కడ వినపడుతున్నదో ఆలోచించండి. ఎనిమిది మంది మగవాళ్లు రెండంతస్తుల మంచాల మీద పడుకునే గది. ఆ గుమ్మంలో ఆడమనిషి అడుగుపెట్టి ఏళ్లయింది. ఆ గదిలో రేడియో ముందు అక్కచెల్లెళ్లను పలకరిస్తుంది. ఆ మాట విన్న క్షణంలో ఊళ్లో ఇంకో రేడియో ముందు కూర్చున్న ఇంటివాళ్లు ఈ గదిలోకి వచ్చినట్టే. తెలుగు శ్రోతలకు ఇది కొత్త కాదు. ఆకాశవాణిలో పిల్లలకు 'బాలానందం' నడిపిన న్యాయపతి రాఘవరావును, కామేశ్వరిని మనం పేర్లతో పిలవలేదు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అన్నాం. 1984లో అన్నయ్య పోయినా ఆ పిలుపు పోలేదు. రేడియోలో వారం వారం వచ్చే మనిషిని వరస పెట్టి పిలుచుకోవడం మన అలవాటు. అలా పిలిపించుకోవాలంటే మంచి గొంతొక్కటీ ఉంటే చాలదు. చెప్పిన రోజున, చెప్పిన గంటకు, తప్పకుండా రావాలి. చుట్టరికం నిలిచేది రాకపోకల వల్లే.

గల్ఫ్‌లో రోజుల లెక్కే వేరు. మనకు ఆదివారం ఎలాగో అక్కడ చాలాకాలం శుక్రవారం అలాగ. ప్రభుత్వ సెలవులు 2006 సెప్టెంబర్‌లో శుక్ర, శనివారాలయ్యాయి. 2022 జనవరి నుంచి శుక్రవారం సగం పూట, శని, ఆదివారాలు పూర్తిగా. షార్జాలో అయితే శుక్రవారంతో కలిపి మూడు రోజులు. కూలిపనివాడికి మాత్రం దక్కిందల్లా చాలాకాలం ఆ ఒక్క శుక్రవారమే. ఆ రోజు నీళ్లకోసం వంతు, బట్టలుతుక్కోవడం, మెస్‌లో కాకుండా సొంతంగా కోడికూర వండుకోవడం, క్షవరం, షార్జా రోలాలోనో దెయిరాలోనో ఊరివాళ్లను కలుసుకోవడం. మిగతా ఆరు రోజులకూ ఒకదానికొకటి తేడా ఉండదు. తెల్లవారుజామున బస్సు, రాత్రికి బస్సు. పంట లేదు, పండగ లేదు, వానాకాలం కూడా లేదు. ఊళ్లో ఉన్నప్పుడు కాలం తనంతట తాను గడిచేది. ఇక్కడ దాన్ని గుర్తుపెట్టుకుని గడపాలి. అలాంటి మనిషికి వారానికోసారి వచ్చే రేడియో కార్యక్రమం వినోదం మాత్రమే కాదు, అదొక తిథి. కిందటిసారి ఆ గొంతు విన్నప్పటి నుంచి ఇవాళ్టికి ఒక వారం గడిచింది. ఇంటికి వెళ్లడానికి ఇంకో వారం తగ్గింది. ఎప్పుడంటే అప్పుడు వేసుకోగల క్యాసెట్ ఈ పని చేయలేదు. ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది గనకనే చేయలేదు.

ఇదంతా వయసు చేసే మాయ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. పడుచుతనంలో విన్నదంతా తియ్యగానే ఉంటుంది, తలచుకునేది రేడియోను కాదు, అప్పటి తమ వయసునే అని వాళ్ల మాట. దీంట్లో నిజం లేకపోలేదు. ఇరవయ్యేళ్ల వయసులో విన్న పాట అరవైలో ఏడిపిస్తుంది. కానీ ఆ లెక్కన గుర్తుండాల్సింది పాటలు. శ్రోతలకు పాటలతోపాటు గుర్తున్నవి వేరే ఉన్నాయి: పిలుపు, మెట్లు, బాకా, ఎనిమిది గంటల వేళ, పేర్లు చదివిన వరస. ఇవి వయసుకు సంబంధించినవి కావు, ఒక పద్ధతికి సంబంధించినవి. పైగా 'గీత్‌మాలా కీ యాదేఁ' వంటి కార్యక్రమం వింటున్నవాడు అప్పటికే జ్ఞాపకమని తెలిసి వింటున్నాడు. వయసు మళ్లాక వెనక్కి తిరిగి చూసుకుని తియ్యదనం పూసుకున్నది కాదు. పని చేస్తున్న రోజుల్లోనే, రెక్కలాడుతున్న వయసులోనే, వారం వారం కోరి విన్నది.

ఇంకో ఆక్షేపణ దీనికంటే గట్టిది. ఎంత చెప్పినా అది టూత్‌పేస్టు అమ్ముకునే కార్యక్రమం కదా, ఉత్తరాలు రాయించుకున్నది కూడా కొనేవాళ్లు ఎందరో తెలుసుకోవడానికే కదా అని. ఒప్పుకోవాల్సిందే. సీబాకు శ్రోతల మీద ప్రేమ ఉండి చేసింది కాదు. కానీ ఎందుకు మొదలైందన్నది వేరు, చేతికి ఏం మిగిలిందన్నది వేరు. సంత పెట్టేది సరుకు అమ్ముకోవడానికే. ఆ సంతలోనే పెళ్లిసంబంధాలు కుదురుతాయి, తగువులు తీరుతాయి. కంపెనీకి లెక్క కావలసి వచ్చింది గనక శ్రోతను అడిగారు. అడిగిన కొద్దీ శ్రోతకు తన మాటకు చోటుందని తెలిసింది. టూత్‌పేస్టు పేరు బినాకా నుంచి సిబాకాకు మారినా ఎవరికీ పట్టలేదు. బుధవారం గొంతు మారి ఉంటే మాత్రం దేశమంతా అడిగేది.

అన్నిటికంటే బరువైన ప్రశ్న ఫోనుది. రేడియో నింపింది ఇంటికి దూరమైన వెలితినే అయితే, ఇవాళ వెలితే లేదు కదా. ఆ రోజుల్లో ఇంటికి ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి వారాలు పట్టేది. ఫోను చేయాలంటే కార్డు కొని, నిమిషాలు లెక్కపెట్టుకుని, చెప్పాలనుకున్నది సగంలో ఆగిపోయేది. చదువురాని ఇంటివాళ్లకు క్యాసెట్ మీద మాటలు రికార్డు చేసి, ఊరెళ్లేవాళ్ల చేత పంపినవాళ్లున్నారు. ఇప్పుడు జగిత్యాలలో బిడ్డ అన్నం తింటుంటే అబుదాబి ముసఫ్ఫాలో తండ్రి ఫోనులో చూస్తాడు. ఈ మార్పును కాదనుకుని పాత రోజులు రావాలని కోరుకోవడం అన్యాయం. ఆ నిమిషాల కార్డు కోసం ఎన్ని కోరికలు చంపుకున్నారో తలచుకుంటే ఎవరూ అలా కోరరు. బిడ్డ ముఖం చూడటానికి ఏ రేడియో కార్యక్రమమూ సాటి రాదు.

అయితే ఫోను తీర్చింది ఒక వెలితిని, రేడియో తీర్చింది ఇంకోదాన్ని. ఫోను మనిషిని తన ఇంటికి కలుపుతుంది. రేడియో మనిషిని పక్క మంచం మీద ఉన్నవాడికి కలిపేది. దుబాయ్‌లో సోనాపూర్ క్యాంపులోనో, అల్ కూజ్‌లోనో, దెయిరాలో బెడ్‌స్పేస్ గదిలోనో ఇవాళ రాత్రి తొమ్మిదింటికి చూస్తే ఎనిమిది మంచాలు, ఎనిమిది తెరల వెలుగులు. ప్రతి ఒక్కరూ తమ ఊళ్లో ఉన్నారు. ఆ గదిలో మాత్రం ఎవరూ లేరు. ఒకే రేడియో ఉన్న రోజుల్లో ఆ పరిస్థితి లేదు. ఒకడికి నచ్చిన పాట ఇంకొకడు వినక తప్పదు. విన్న పాట మీద మాట రాక తప్పదు. ఆ మెట్టు మీద ఉండాల్సింది ఈ పాట కాదని మలయాళీ అంటే, రఫీ పాట మీద మాట పడనివ్వను అని పఠాను లేస్తాడు. హైదరాబాద్ పాతబస్తీ కుర్రాడు ఇద్దరికీ అర్థం చెబుతాడు. ఆ గదిలో అప్పుడు కూడా తెలుగువాడికి తన పాట దక్కలేదన్నది నిజమే. ఒకే పెట్టె ఉన్నచోట ఎక్కువమంది మాటే చెల్లుతుంది. అయినా రోగమొచ్చినప్పుడు మాత్ర తెచ్చేవాడు, జీతం ఆగినప్పుడు చేబదులు ఇచ్చేవాడు పక్క మంచం మనిషే. వాడితో కలిసి నవ్వడానికి, వాదించడానికి వారంలో ఒక గంట చోటిచ్చిన వస్తువు పోతే, ఆ పోయినదాని స్థానంలో ఇంకేదీ రాలేదు. పాటల యాప్ కూడా లెక్కలు వేస్తుంది. మనం విన్నదాన్ని బట్టి వచ్చే పాట చూపిస్తుంది. కానీ అది లెక్కించేది ఒక్కణ్ణి, చెప్పేది ఆ ఒక్కడికే. ఇద్దరికీ ఒకేసారి వినపడదు గనక ఇద్దరూ దాని మీద పోట్లాడుకోలేరు.

ఎమిరేట్స్‌లో రేడియో పూర్తిగా పోలేదని కూడా చెప్పాలి. దుబాయ్, షార్జాల మధ్య ఇత్తిహాద్ రోడ్డు మీద కార్లు కదలనన్నాళ్లూ అక్కడ ఎఫ్ఎంకు ఢోకా లేదు. హిందీకి సిటీ 101.6 ఉంది. మలయాళానికి హిట్ 96.7తో మొదలుపెట్టి పోటాపోటీగా కేంద్రాలున్నాయి. ప్రమాదమైనా, వీసా నిబంధన మారినా మలయాళీ డ్రైవరుకు పొద్దున్నే తన భాషలో తెలుస్తుంది. తమిళానికీ స్టేషన్ ఉంది. ఆ దేశంలో భారతీయులు 35 లక్షలకు పైమాటే, వాళ్లలో తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు. మలయాళానికి పాతుకున్నంత లోతుగా తెలుగు గొంతు ఆ గాలిలో పాతుకోలేదు. మన ఆకాశవాణి విదేశీ ప్రసారాల్లో తెలుగుకు చోటిచ్చినప్పుడు కూడా ఆగ్నేయాసియా వైపే గురిపెట్టింది. రబ్బరు తోటలకు వెళ్లిన పాత తరం కోసం. గల్ఫ్‌కు హిందీ, మలయాళం వెళ్లాయి. విమానాలెక్కినవాళ్లలో కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలవాళ్లు ఎందరున్నారో చూసినప్పుడు ఇది నాకు బాధ కలిగించే సంగతి.

బయటి దేశం నుంచి తెలుగు గొంతు నిలబడదా అంటే, నిలబడిన దాఖలా ఉంది. రేడియో సిలోన్ తెలుగు ప్రసారాల్లో పాటలు వినిపించిన మీనాక్షీ పొన్నుదొరై పేరు చెబితే కోస్తా, రాయలసీమల్లో అరవై దాటినవాళ్ల ముఖాలు ఇప్పటికీ వెలుగుతాయి. సముద్రం అవతల నుంచి, ఆకాశవాణికున్న హంగులేవీ లేకుండా, రోజూ ఆ వేళకు వచ్చి తెలుగు పాట పెట్టి వెళ్లిందామె. శ్రోతలు ఆమె పేరు మరిచిపోలేదు. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ల కోసమే ప్రత్యేకంగా కార్యక్రమం చేయాలన్న ఆలోచనా కొత్తది కాదు. వివిధ భారతి సైనికుల కోసం 'జయమాల' నడిపింది, శనివారాల్లో సినిమావాళ్ల చేత 'విశేష్ జయమాల' చేయించింది. సరిహద్దులో ఉన్నవాడికి ఒక పాట, ఒక పలకరింపు బాకీ ఉన్నామని దేశం ఒప్పుకున్న పద్ధతి అది. ఎడారి ఎండలో గోడలు కట్టి ఇంటికి డబ్బు పంపినవాడికి ఆ పలకరింపు బాకీ లేదని ఎవరు అనగలరు?

అలాంటి కార్యక్రమం చేయడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. ఇప్పుడు టేపును విమానంలో పంపనక్కర్లేదు, షార్ట్‌వేవ్ స్తంభం అక్కర్లేదు. ఆదివారం రాత్రి, ఏడాది పొడవునా ఒకే గంటకు వచ్చే మనిషి ఒకరు కావాలి. నిజామాబాద్ మాట, రాజోలు మాట రెండూ చెవికి ఇంపుగా పలికేవాళ్లు. పాట మూడు నిమిషాలు, పేర్లు ఒక నిమిషం: కోరుట్ల నుంచి అమ్మ, అబుదాబి ముసఫ్ఫాలో ఉన్న కొడుకు కోసం, అల్ కూజ్ క్యాంపు పద్నాలుగో గది నుంచి ఐదుగురు మిత్రులు, ఆపరేషన్ అయి మంచాన ఉన్న ఆరోవాడి కోసం, మెట్‌పల్లిలో పదో తరగతి పాసైన పాప, రెండేళ్లుగా చూడని నాన్న కోసం.